రెడిస్ క్లస్టర్ అప్‌గ్రేడ్ ఎట్లా చేయాలి: యాప్ ఆపకుండా, ఒక్కో నోడ్‌గా

కర్నూలులోనో కడపలోనో ఇంట్లో కూర్చుని బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల సర్వర్లు చూసుకునే పిల్లోళ్ళు ఇప్పుడు శానామంది ఉన్నారు, వాళ్ళు మళ్ళా మళ్ళా అడిగేది ఇదే: "అన్నా, మా రెడిస్ క్లస్టర్ ఇంకా 6.2లోనే ఉంది, 7.2కి పోవాల, యాప్ మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదంట, ఎట్లా?" రెడిస్ అంటే డేటాని మెమరీలోనే పెట్టుకుని బిన్నా ఇచ్చే సాఫ్ట్‌వేర్, దాన్ని కొన్ని సర్వర్ల మీద (ఒక్కోటి ఒక నోడ్) కలిపి నడిపితే క్లస్టర్. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే వరసగా రాసిపెడితే మేలని ఇది రాస్తున్నా. కమాండ్లు, సెట్టింగుల పేర్లు పలికినట్టే తెలుగులో రాశా, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకోండి.

ఉదాహరణకి అనంతపురం నుంచి బెంగళూరుకి బస్సు టికెట్లు అమ్మే యాప్ అనుకోండి. సీటు లేఅవుట్, లాగిన్ సెషన్లు, ఓటీపీలు, ఎవరైనా సీటు నొక్కితే కొన్ని నిమిషాలు పట్టిపెట్టే లాక్, అన్నీ రెడిస్‌లోనే ఉంటాయి. 3 మాస్టర్లు, ఒక్కోదానికి ఒక రెప్లికా, మొత్తం 6 నోడ్లు. మీ దగ్గర ఎన్ని ఉన్నా పద్ధతి ఇదే.

థియరీ ఇంతే తెలిస్తే చాలు. క్లస్టర్‌లో కీలన్నీ 16384 స్లాట్లుగా పంచుకుని ఉంటాయి, ప్రతి మాస్టర్ కొన్ని స్లాట్లకి బాధ్యత, దాని రెప్లికా దగ్గర అదే డేటా కాపీ (ఒక మాస్టర్, దాని రెప్లికాలు కలిపితే ఒక షార్డ్). కొత్త వెర్షన్ రెప్లికా పాత వెర్షన్ మాస్టర్ నుంచి డేటా తీసుకోగలదు, కానీ కొత్త వెర్షన్ రాసిన ఆర్‌డీబీ ఫైల్‌ని, అంటే డేటా మొత్తం దించిన డంప్ ఫైల్‌ని, పాత వెర్షన్ చదవలేదు (6.2 రాసేది ఆర్‌డీబీ ఫార్మాట్ 9, 7.0 రాసేది 10, 7.2 రాసేది 11). అందుకే ముందు రెప్లికా, తర్వాత చేతులు మార్చడం (రెప్లికాని మాస్టర్ చేయడం, దీన్నే ఫెయిలోవర్ అంటారు), ఆ తర్వాతే పాత మాస్టర్. ఈ వరస తిరగేస్తే ఇంక ఏ జాగ్రత్తా పనికిరాదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ప్రతి నోడ్‌కి లాగిన్, సుడో పర్మిషన్. సగంలో "ఈ మెషీన్‌కి నాకు యాక్సెస్ లేదే" అనే పరిస్థితి రాకూడదు.
- కొత్త వెర్షన్ ప్యాకేజీ ప్రతి మెషీన్‌లో ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి. ఇన్‌స్టాల్ చేయొద్దు, ఊరికే తెచ్చిపెట్టుకోండి.
- నోడ్ల మధ్య రెడిస్ మామూలు పోర్ట్ 6379 ఒక్కటే కాదు, 16379 కూడా తెరిచి ఉండాలి. మామూలు పోర్ట్‌కి 10000 కలిపితే వచ్చేదే క్లస్టర్ బస్ పోర్ట్, నోడ్లు ఒకదాని బాగోగులు ఒకటి కనుక్కునేది దాని మీదే. కొత్త మెషీన్ కలిపేటప్పుడు ఫైర్‌వాల్‌లో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.
- టీమక్స్ లేదా స్క్రీన్ (మన కనెక్షన్ తెగినా సర్వర్‌లో టెర్మినల్ నడుస్తానే ఉండేలా చేసేవి). ఎండాకాలం మన దగ్గర మధ్యాహ్నం కరెంటు పోవడం, దాంతోపాటే రౌటర్ ఆగిపోవడం మామూలే, ఫెయిలోవర్ మధ్యలో సెషన్ తెగిపోతే ఏం జరిగిందో తెలియక అల్లాడిపోతారు. పని అంతా సర్వర్‌లో టీమక్స్ లోపల చేయండి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా రెడీగా పెట్టుకోండి.
- సరైన టైమ్. బస్సు యాప్‌కి ఆదివారం సాయంత్రం, సంక్రాంతి వారం, శ్రీశైలం శివరాత్రి, మంత్రాలయం ఆరాధన రోజులు ముట్టుకోవద్దు. అదే ఆదోని పత్తి మార్కెట్‌కి రేట్లు చూపించే యాప్ అయితే పొద్దున పూట వద్దు, రాత్రి ఎప్పుడైనా పర్లేదు. మీ గ్రాఫ్‌లో గంటగంటకీ లోడ్ చూసి తీసుకోండి, "అర్ధరాత్రి అంటే లోడ్ ఉండదులే" అనుకోవద్దు, కొన్ని యాప్‌లకి రాత్రి రెండింటికి రిపోర్ట్ జాబ్‌లు నడుస్తా ఉంటాయి.

ఇంకొకటి, లైవ్‌లో చేసేముందు మీ లాప్‌టాప్‌లోనే ఒకసారి చేసి చూడండి. రెడిస్ సోర్స్‌లో యుటిల్స్ ఫోల్డర్‌లో క్రియేట్-క్లస్టర్ అని స్క్రిప్ట్ ఉంది, 30001 నుంచి 30006 దాకా పోర్టులతో 6 నోడ్ల క్లస్టర్ లేపుతాది. మీ యాప్‌ని దానికి కలిపి కింద చెప్పిన స్టెప్పులన్నీ ఆడించండి. ఇది చేయకుండా నేరుగా ప్రొడక్షన్‌కి పోవద్దని గట్టిగా చెప్తున్నా.

1. లోపల ఏముందో ముందు చూడండి

"క్యాషే (తాత్కాలిక నిల్వే) కదన్నా, పోతే పోనీ" అనేవాళ్ళు ఈ స్టెప్ తప్పకుండా చేయండి. ప్రతి మాస్టర్‌లో ఇన్ఫో కీస్పేస్ కొడితే రెండు అంకెలు కనపడతాయి, కీస్ ఎన్ని, ఎక్స్‌పైర్స్ ఎన్ని. ఈ రెండిటి మధ్య తేడా అంటే గడువు లేని కీలు. తేడా ఎక్కువగా ఉంటే మీ టీమ్‌లో ఎవరో రెడిస్‌ని డేటాబేస్ మాదిరి వాడుతున్నారని అర్థం, అది కూపన్ లెక్క కావచ్చు, వెయిటింగ్ లిస్ట్ కావచ్చు, జాబ్ క్యూ కావచ్చు. అవి పోతే మళ్ళా యాడ నుంచీ రావు.

ఏమైనా సరే, రెప్లికాల మీద బీజీసేవ్ కొట్టి డంప్ ఫైల్‌ని వేరే మెషీన్‌కి కాపీ చేసుకోండి. దాంతోపాటు నోడ్స్-డాట్-కాన్ఫ్ ఫైల్, రెడిస్ కాన్ఫిగ్ ఫైల్, ఏసీఎల్ ఫైల్ (ఏ యూజర్‌కి ఏ పర్మిషన్ అనేది) ఉంటే అది కూడా. ఏఓఎఫ్ (ప్రతి రాతనీ వరసగా రాసుకునే ఫైల్) ఆన్‌లో ఉంటే ఆ ఫైల్ కూడా తీయండి, ఎందుకంటే 7.0 నుంచి ఏఓఎఫ్ ఒక్క ఫైల్‌గా కాకుండా విడి ఫోల్డర్‌లో ముక్కలుగా ఉంటాది, కొత్త వెర్షన్ లేచీ లేవగానే పాత ఫైల్‌ని ఆ ఫోల్డర్‌లోకి మార్చేస్తాది.

2. క్లయింట్ సెట్టింగులు సరిచేయండి (అసలు పని ఇదే)

డౌన్‌టైమ్ వచ్చిందంటే ఎక్కువసార్లు తప్పు సర్వర్‌ది కాదు, క్లయింట్‌ది. సర్వర్ వైపు ఫెయిలోవర్ మామూలుగా సెకనులోపే అయిపోతాది, యాప్ మాత్రం పాత అడ్రస్ పట్టుకుని వేలాడుతా ఉంటాది. చూడాల్సినవి:

యాప్‌కి ఒకే నోడ్ అడ్రస్ ఇచ్చారా? కనీసం మూడు ఇవ్వండి. మీరు అప్‌గ్రేడ్ చేస్తున్న నోడే ఆ ఒక్కటీ అయి, అదే టైమ్‌లో యాప్ రీస్టార్ట్ అయితే యాప్ లేవనే లేవదు.

క్లస్టర్ మోడ్ క్లయింటే వాడుతున్నారా? మామూలు క్లయింట్‌తో క్లస్టర్‌కి కనెక్ట్ అయి, ఎవరో రాసిన చిన్న కోడ్‌తో నెట్టుకొస్తున్న యాప్‌లు ఇంకా ఉన్నాయి. మూవ్డ్ అనే జవాబు వస్తే కొత్త మాస్టర్ దగ్గరికి తానే పోగలగాలి.

జావాలో లెట్యూస్ వాడేవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోండి. దాంట్లో టోపాలజీ రిఫ్రెష్ (ఏ నోడ్ ఎక్కడుందో మళ్ళా తెలుసుకోవడం) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాది, పీరియాడిక్ రిఫ్రెష్, అడాప్టివ్ రిఫ్రెష్ రెండూ మీరే ఆన్ చేయాలి. ఇది చేయకపోతే ఆపేసిన నోడ్ కోసం యాప్ ఇంకా తలుపు కొడుతానే ఉంటాది. జెడిస్‌లో డిఫాల్ట్‌గా 5 సార్లు ప్రయత్నిస్తాది, నోడ్ జేఎస్‌లో ఐఓరెడిస్ 16 రీడైరెక్షన్ల దాకా పోతాది, వాటిని ఎవరైనా తగ్గించి పెట్టారేమో మీ కోడ్‌లో వెతకండి.

కనెక్ట్ టైమవుట్ ఒకటి రెండు సెకన్లు, మళ్ళా ప్రయత్నించేటప్పుడు మధ్య మధ్యలో కొంచెం ఆగడం, ఆ ఆగే టైమ్ కూడా అందరికీ ఒకటే కాకుండా అటూ ఇటూ ఉండటం. ఇది లేకపోతే వందల యాప్ ప్రాసెస్‌లు ఒకే క్షణంలో కొత్త మాస్టర్ మీద పడతాయి.

హెచ్చరిక: రీట్రై అన్నిటికీ పెట్టొద్దు. లెక్కని ఒకటి పెంచే ఇన్‌క్ర్ లాంటి కమాండ్ టైమవుట్ అయితే అది అవతల జరిగిందో లేదో మీకు తెలియదు, మళ్ళా పంపితే లెక్క రెండుసార్లు పెరుగుతాది. సీటు లాక్‌కి సెట్ ఎన్ఎక్స్ (కీ లేకపోతేనే రాసేది) వాడుతుంటే విలువగా ఆ రిక్వెస్ట్ ఐడీ పెట్టండి, రీట్రైలో "ఇప్పటికే ఉంది" అని వస్తే అది మనదేనా కాదా అని చూసుకోవచ్చు.

3. కొత్త వెర్షన్‌లో మారినవి చూసుకోండి

6.2 నుంచి 7కి పోయేవాళ్ళని ఎక్కువ పట్టుకునేవి రెండు. ఒకటి, 7.0 నుంచి ఏసీఎల్ యూజర్లకి పబ్‌సబ్ (మెసేజ్ పంపితే వింటున్న వాళ్ళందరికీ చేరే పద్ధతి) ఛానెళ్ళు డిఫాల్ట్‌గా మూసి ఉంటాయి, ముందు అన్నీ తెరిచి ఉండేవి. మీరు ఏసీఎల్ యూజర్లు పెట్టి వాళ్ళకి ఛానెల్ పర్మిషన్ విడిగా రాయకుండా ఉంటే, అప్‌గ్రేడ్ అయినాక కీలు అన్నీ పనిచేస్తాయి, నోటిఫికేషన్లు మాత్రం ఆగిపోతాయి, కారణం పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తాది. రెండోది, 7.0 నుంచి స్క్రిప్ట్ లోడ్ అనేది రెప్లికాలకి పోదు. లూవా స్క్రిప్ట్‌ని ఒకసారి లోడ్ చేసి తర్వాత ఎవాల్‌షా (స్క్రిప్ట్ బదులు దాని హ్యాష్ పంపేది) తోనే పిలుస్తుంటే, ఫెయిలోవర్ అయినాక నోస్క్రిప్ట్ ఎర్రర్ వస్తాది. ఆ ఎర్రర్ వస్తే మొత్తం స్క్రిప్ట్‌ని ఎవాల్‌తో పంపేటట్టు కోడ్ ఉండాలి, శానా లైబ్రరీలు ఇది వాటంతట అవే చేస్తాయి, మీదాంట్లో చేస్తుందో లేదో స్క్రిప్ట్ ఫ్లష్ కొట్టి టెస్ట్ క్లస్టర్‌లో చూడండి.

ఇక ఉబుంటు, డెబియన్ వాళ్ళకి: ప్యాకేజీ అప్‌గ్రేడ్ అవ్వగానే సర్వీస్ దానంతటదే రీస్టార్ట్ అవుతాది. అన్ని మెషీన్లలో ఒకేసారి ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టారంటే మాస్టర్లన్నీ ఒకేసారి పడతాయి. ఆప్ట్-మార్క్ హోల్డ్ తో రెడిస్ ప్యాకేజీని కట్టేసి పెట్టండి, ఏ నోడ్ వంతు వస్తే దానికే హోల్డ్ తీయండి. రాత్రిపూట తానే నడిచే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ కూడా చూసుకోండి.

4. బ్యాక్‌లాగ్ పెంచండి

రెప్లికా ఆగి లేచే లోపల మాస్టర్‌లో జరిగిన మార్పులు బ్యాక్‌లాగ్‌లో ఉంటే, రెప్లికా ఆ కొంచెం తీసుకుని కలిసిపోతాది. బ్యాక్‌లాగ్ చిన్నదైతే మొత్తం డేటా మొదటి నుంచి కాపీ (ఫుల్ సింక్), దాంతో మాస్టర్ మీద ఫోర్క్ (ప్రాసెస్ తన కాపీ తీయడం), మెమరీ, నెట్‌వర్క్ అన్నీ ఒకేసారి. రెప్ల్-బ్యాక్‌లాగ్-సైజ్ డిఫాల్ట్ 1 ఎంబీ మాత్రమే.

ఎంత పెట్టాలో కొలిచి పెట్టండి. మాస్టర్‌లో ఇన్ఫో రెప్లికేషన్ కొట్టి మాస్టర్-రెప్ల్-ఆఫ్‌సెట్ (ఇప్పటిదాకా ఎన్ని బైట్ల మార్పులు అయ్యాయో చెప్పే అంకె) రాసుకోండి, 60 సెకన్లు ఆగి మళ్ళా కొట్టండి. తేడా 9 కోట్లు వచ్చిందనుకోండి, అంటే సెకనుకి 15 లక్షల బైట్లు, సుమారు 1.5 ఎంబీ. రెప్లికా ఆగి లేవడానికి 90 సెకన్లు పడితే 135 ఎంబీ కావాలి, 256 ఎంబీ పెడితే నిదానంగా సరిపోతాది. కాన్ఫిగ్ సెట్ తో రీస్టార్ట్ లేకుండానే పెట్టొచ్చు. మెషీన్‌లో అంత ర్యామ్ ఖాళీ ఉందో లేదో ముందు చూడండి.

ఇంకో చిన్న మెలిక ఉంది. సేవ్ సెట్టింగ్ ఖాళీగా పెట్టి ఉంటే, రెప్లికా ఆగేటప్పుడు డంప్ రాయదు, లేచినాక దానికి గతం గుర్తుండదు, మళ్ళా ఫుల్ సింకే. కాబట్టి ఆపేముందు ఆ రెప్లికాలో కాన్ఫిగ్ సెట్ సేవ్ కి 3600 1 ఇవ్వండి. ఏఓఎఫ్ ఆన్‌లో ఉంటే మాత్రం ఫుల్ సింక్ అవుతాదనే లెక్కతోనే ఉండండి.

5. కాపలా స్క్రిప్ట్ నడపండి

ఒక చిన్న స్క్రిప్ట్, మీ యాప్ వాడే లైబ్రరీతోనే, అవే సెట్టింగులతోనే రాయండి. ప్రతి 100 మిల్లీసెకన్లకి ఒక కీ రాసి, వెంటనే చదివి, ఎంత టైమ్ పట్టిందో, ఎర్రర్ వస్తే ఏ ఎర్రరో టైమ్‌తో సహా ప్రింట్ చేయాలి. మూడు మాస్టర్లకీ కనీసం ఒక్కో కీ పోయేలా చూసుకోండి, ఏ కీ ఏ స్లాట్‌లో పడుతాదో క్లస్టర్ కీస్లాట్ చెప్తాది. డాష్‌బోర్డ్‌లో నిమిషానికొక చుక్క పడుతాది, రెండు సెకన్ల ఆగడం దాంట్లో కనపడదు, కస్టమర్‌కి మాత్రం కనపడుతాది. ఈ స్క్రిప్ట్ మొదటి నుంచి చివరి దాకా ఒక కిటికీలో నడుస్తానే ఉండాలి.

6. మొదటి షార్డ్: రెప్లికా అప్‌గ్రేడ్

మొదలుపెట్టే ముందు క్లస్టర్ ఇన్ఫో: స్టేట్ ఓకే ఉండాలి, స్లాట్స్-ఓకే 16384 ఉండాలి. రెడిస్-సీఎల్ఐ లో క్లస్టర్ చెక్ కూడా ఒకసారి. ఏదైనా తేడా ఉంటే ఈరోజుకి ఆపేయండి, అది సరిచేసి ఇంకో రోజు.

తర్వాత రెప్లికాని సిస్టమ్‌సీటీఎల్ తో ఆపి, కొత్త ప్యాకేజీ వేసి, లేపండి. డంప్ పెద్దదైతే సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా 90 సెకన్లు చూసి చంపేస్తాది, డంప్ సగంలో ఆగిపోతాది, అందుకే సర్వీస్ ఫైల్‌లో స్టాప్ టైమవుట్ ముందే పెంచి పెట్టుకోండి. ప్యాకేజీ ఇన్‌స్టాలర్ "మీ కాన్ఫిగ్ ఉంచాలా, కొత్తది వేయాలా" అని అడిగితే మీదే ఉంచండి, కొత్తది వేస్తే క్లస్టర్ మోడ్ ఆఫ్‌లో లేస్తాది. నోడ్స్-డాట్-కాన్ఫ్ ని అస్సలు తుడవొద్దు, నోడ్ ఐడీ దాంట్లోనే ఉంటాది, అది పోతే క్లస్టర్‌కి ఈ నోడ్ ఎవరో తెలియదు.

ఈ కొద్దిసేపు మాస్టర్‌కి తోడు లేదు, సరిగ్గా అప్పుడే అది పడిందంటే ఆ స్లాట్లు పోయినట్టే. ఆ రిస్క్ వద్దనుకుంటే ముందే షార్డ్‌కి ఇంకో తాత్కాలిక రెప్లికా కలుపుకోండి, యాడ్-నోడ్ తో మాస్టర్ ఐడీ ఇస్తే చాలు. డబ్బు యాప్‌లకి, టికెట్ యాప్‌లకి నేను ఇదే చేయమంటా. అట్లా అదనపు రెప్లికా ఉన్నప్పుడు, వేరే షార్డ్‌లో రెప్లికా పడితే ఇది దానంతటదే అక్కడికి మారిపోవచ్చు, క్లస్టర్ అట్లా చేసేటట్టే కట్టారు. వద్దనుకుంటే క్లస్టర్-మైగ్రేషన్-బారియర్ ని పెద్ద అంకెకి పెట్టండి.

7. సింక్ అయిందా? నాలుగు చోట్ల చూడండి

రెప్లికాలో ఇన్ఫో రెప్లికేషన్: మాస్టర్-లింక్-స్టేటస్ అప్ ఉండాలి, సింక్-ఇన్-ప్రోగ్రెస్ 0 ఉండాలి, ఆఫ్‌సెట్ మాస్టర్ ఆఫ్‌సెట్‌కి దగ్గర దగ్గరగా ఉండి రెండూ కలిసి పెరుగుతా ఉండాలి. ఇన్ఫో సర్వర్‌లో వెర్షన్ కొత్తదే కనపడాలి (ప్యాకేజీ వేసి రీస్టార్ట్ మర్చిపోయేవాళ్ళు ఉన్నారు, డిస్క్‌లో కొత్తది, మెమరీలో పాతది). మాస్టర్‌లో ఇన్ఫో స్టాట్స్ చూస్తే సింక్-పార్షియల్-ఓకే ఒకటి పెరిగి ఉంటే మీ బ్యాక్‌లాగ్ లెక్క సరిపోయినట్టు, సింక్-ఫుల్ పెరిగితే మొత్తం కాపీ అయినట్టు. డీబీసైజ్ రెండిట్లో దాదాపు ఒకటే ఉండాలి.

సింక్-ఫుల్ ఆగకుండా పెరుగుతానే ఉందా? కాపీ అయ్యేలోపల వచ్చే రాతలు మాస్టర్ దగ్గర బఫర్ దాటిపోతున్నాయి, మాస్టర్ రెప్లికాని తెంచేస్తా ఉంది, అది మళ్ళా మొదటి నుంచి అడుగుతా ఉంది. రెప్లికా కోసం ఉండే క్లయింట్-అవుట్‌పుట్-బఫర్-లిమిట్ డిఫాల్ట్ 256 ఎంబీ, దాన్ని పెంచండి, లేకుంటే లోడ్ తగ్గే టైమ్ దాకా ఆగండి.

8. ఫెయిలోవర్

ఒక మాస్టర్‌కి రెండు మూడు రెప్లికాలు ఉంటే అన్నీ కొత్త వెర్షన్ అయినాకే ఇక్కడికి రండి.

కొత్త వెర్షన్ రెప్లికాలోకి పోయి (మాస్టర్‌లో కాదు) క్లస్టర్ ఫెయిలోవర్ అని కొట్టండి, దాని పక్కన ఇంకేమీ రాయొద్దు. అప్పుడు మాస్టర్ కాసేపు క్లయింట్లని ఆపి తన ఆఫ్‌సెట్ చెప్తాది, రెప్లికా అక్కడిదాకా అందుకుని, మిగతా మాస్టర్ల ఓట్లు తీసుకుని, తాను మాస్టర్ అవుతాది. చివరి రాత దాకా అందుకున్నాకే మారుతుంది కాబట్టి డేటా పోదు. ఫోర్స్, టేకోవర్ అనేవి మాస్టర్ చచ్చిపోయినప్పుడు వాడేవి, అవి మాస్టర్‌తో మాట్లాడి లెక్క సరిచూసుకోవు, "బిన్నా అయిపోతాది" అని ఇక్కడ వాడొద్దు.

కొంతమంది ఫెయిలోవర్ కొట్టకుండా నేరుగా మాస్టర్ సర్వీస్ ఆపేస్తారు, "క్లస్టరే చూసుకుంటాదిలే" అని. చూసుకుంటాది, కానీ ఎప్పుడు? క్లస్టర్-నోడ్-టైమవుట్ డిఫాల్ట్ 15000 మిల్లీసెకన్లు, అది దాటినాకే మాస్టర్ పడిందని ఒప్పుకుని ఎలక్షన్ మొదలుపెడతాది. క్లస్టర్-రిక్వైర్-ఫుల్-కవరేజ్ డిఫాల్ట్‌గా యెస్ ఉంటాది కాబట్టి, మాస్టర్ పడిందని తేలినప్పటి నుంచి కొత్తది వచ్చేదాకా మిగతా రెండు మాస్టర్లు కూడా క్లస్టర్‌డౌన్ అని చెప్పొచ్చు. సెకనులో అయ్యేదాన్ని పావు నిమిషం పైన చేసుకోవడం అది.

ఓకే అని జవాబు వచ్చిందని నమ్మొద్దు. ఆ ఓకే అర్థం "పని మొదలైంది" అని మాత్రమే, 5 సెకన్లలో అవ్వకపోతే గమ్మున రద్దయిపోతాది. రోల్ అని కొట్టి మాస్టర్ అని వస్తుందా చూడండి, క్లస్టర్ నోడ్స్‌లో స్లాట్లు ఈ నోడ్ పక్కకి వచ్చాయా చూడండి, తర్వాత కాపలా స్క్రిప్ట్ కిటికీ చూడండి. ఒకటి రెండు నెమ్మది రిక్వెస్టులు మామూలే. ఎర్రర్లు ఆగకుండా వస్తుంటే 2వ స్టెప్ సరిగ్గా అవ్వలేదు, తర్వాతి నోడ్‌కి పోకుండా అక్కడే ఆగి క్లయింట్ సెట్టింగ్ చూడండి.

9. పాత మాస్టర్‌ని వెంటనే అప్‌గ్రేడ్ చేయండి

ఇప్పుడు పాత మాస్టర్ రెప్లికాగా మారింది, కానీ దాని వెర్షన్ పాతది. ఒక పది నిమిషాలు గమనించి చేసేయండి, "రేపు చేద్దాం" అని వదిలేయొద్దు. లింక్ తెగి ఫుల్ సింక్ అడిగిందంటే కొత్త మాస్టర్ పంపే ఆర్‌డీబీని అది చదవలేదు, ఫార్మాట్ వెర్షన్ తెలియదని లాగ్‌లో రాసి మళ్ళా మళ్ళా ప్రయత్నిస్తా ఉంటాది, అప్పుడు మీ మాస్టర్‌కి తోడు లేనట్టే. 6, 7 స్టెప్పులు దీనికి కూడా అట్లే చేయండి.

10. కాసేపు ఆగి తర్వాతి షార్డ్

ఎంత ఆగాలి? కాపలా స్క్రిప్ట్ శుభ్రంగా ఉండి, హిట్లు మిస్సులు (కీ దొరికినవి, దొరకనివి) మామూలుకి వచ్చి, వెనక ఉన్న మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్ లోడ్ పెరగకుండా ఉంటే పోవచ్చు. రెండు షార్డ్‌లు ఒకేసారి ఎప్పుడూ ముట్టుకోవద్దు, ఫెయిలోవర్‌కి మాస్టర్లలో మెజారిటీ ఓటు కావాలి, 3 మాస్టర్లలో 2 లేకపోతే ఓటు వేసేవాళ్ళే ఉండరు.

అన్నీ అయినాక మూడు మాస్టర్లు మూడు వేరే మెషీన్లలో ఉన్నాయా చూడండి. చేతులు మారడంలో రెండు మాస్టర్లు ఒకే మెషీన్ మీదికి వచ్చి ఉండొచ్చు, అట్లయితే ఒకదాన్ని మళ్ళా క్లస్టర్ ఫెయిలోవర్‌తో వెనక్కి మార్చండి. తాత్కాలిక రెప్లికాలు డెల్-నోడ్ తో తీసేయండి, బ్యాక్‌లాగ్ పెద్దగానే ఉంచి కాన్ఫిగ్ రీరైట్ చేయండి, సేవ్ సెట్టింగ్ మీకు మొదట ఎట్లా ఉందో అట్లా పెట్టండి, ఆప్ట్ హోల్డ్ మళ్ళా వేయండి. మరుసటి రోజు రద్దీ టైమ్‌లో యూజ్డ్-మెమరీ, ఎవిక్టెడ్-కీస్, స్లోలాగ్ ముందు వారంతో పోల్చండి. కొత్త వెర్షన్ కమాండ్లు కొన్ని రోజుల దాకా కోడ్‌లో వాడొద్దు.

వెనక్కి రావాలంటే

రెప్లికా మాత్రమే మారి, ఫెయిలోవర్ కాకముందు అయితే సులువు: ఆ రెప్లికాని ఆపి, పాత ప్యాకేజీ వేసి, కొత్త వెర్షన్ రాసిన డంప్ తీసేసి, దాచిన నోడ్స్-డాట్-కాన్ఫ్ పెట్టి లేపండి, మాస్టర్ నుంచి మళ్ళా డేటా తెచ్చుకుంటాది. ఫెయిలోవర్ అయి, పాత మాస్టర్ ఇంకా పాత వెర్షన్‌లోనే ఉండి, దాని లింక్ అప్‌లో ఉంటే, దాంట్లో క్లస్టర్ ఫెయిలోవర్ కొట్టి వెనక్కి తేవచ్చు. అందుకే 8కి 9కి మధ్య ఒక పది నిమిషాలు ఆగి గమనించడం మంచిది, ఒక రాత్రి కాదు. షార్డ్ మొత్తం కొత్త వెర్షన్ అయిపోతే ఇక నేరుగా వెనక్కి దారి లేదు, 1వ స్టెప్‌లో తీసిన పాత డంపే దిక్కు, మధ్యలో రాసినవి పోతాయి.

ఏ ఎర్రర్ వస్తే ఏం అనుకోవాలి

మూవ్డ్ అని యాప్ లాగ్‌లో కొన్ని కనపడితే భయం లేదు, అడ్రస్ మారిందని సర్వర్ చెప్తా ఉంది. అవే గంటల తరబడి వస్తుంటే క్లయింట్ మ్యాప్ రిఫ్రెష్ చేసుకోవడంలేదు. లోడింగ్ అంటే నోడ్ లేచి డంప్ చదువుతా ఉంది, ఆగండి. రెప్లికాల నుంచి చదివే యాప్‌లకి ఇది ఎక్కువగా కనపడుతాది, ఆ కాసేపు చదవడం మాస్టర్‌కి మార్చండి. అన్‌బ్లాక్డ్ అని వస్తే బీఎల్‌పాప్ లాంటి కమాండ్‌తో క్యూ దగ్గర కాచుకున్న వర్కర్‌ని సర్వర్ లేపేసింది, మాస్టర్ రెప్లికా అయినప్పుడు అట్లా చేస్తాది. వర్కర్ ఆ ఎర్రర్‌కి చచ్చిపోకుండా మళ్ళా కనెక్ట్ అవ్వాలి, వర్కర్లు చచ్చి ఎస్ఎంఎస్‌లు ఆగిపోయాక తెల్లారి తెలిసిన టీమ్‌లు ఉన్నాయి. పబ్‌సబ్ వినే ప్రాసెస్‌లు పాత మాస్టర్ రీస్టార్ట్ అయినప్పుడు తెగుతాయి, తిరిగి సబ్‌స్క్రైబ్ అయ్యాయో లేదో ఒక టెస్ట్ మెసేజ్ పంపి చూడండి.

ఇంకో దారిలో పోవాలనుకుంటే

మెషీన్ల ఆపరేటింగ్ సిస్టమ్ కూడా పాతబడి ఉంటే ఉన్న నోడ్లని ముట్టుకోకండి. కొత్త మెషీన్లలో కొత్త వెర్షన్ వేసి, వాటిని రెప్లికాలుగా కలిపి, ఫెయిలోవర్ చేసి, పాతవాటిని తీసేయండి. ఖర్చు కొన్ని రోజులు ఎక్కువ, మనసు మాత్రం నిదానంగా ఉంటాది.

వాల్కీకి పోవాలనుకునేవాళ్ళు: 2024లో రెడిస్ లైసెన్స్ మారినాక 7.2.4 నుంచి విడిపోయి వచ్చింది అది, కాబట్టి రెడిస్ 7.2 దాకా ఉన్నవాళ్ళకి పై పద్ధతే పనిచేస్తాది. రెడిస్ 7.4కి పోయినవాళ్ళ డంప్ ఫైల్ మాత్రం వాల్కీ చదవదు, కాబట్టి 7.4 ఎక్కేముందే ఏ దారో తేల్చుకోండి.

కుబర్నెటీస్‌లో స్టేట్‌ఫుల్‌సెట్ ఉంటే ఇమేజ్ మార్చి వదిలేయొద్దు, అది నంబర్ వరసలో పాడ్‌లు ఆపుకుంటా పోతాది, ఏది మాస్టర్ ఏది రెప్లికా అని చూడదు. అప్‌డేట్ స్ట్రాటజీని ఆన్-డిలీట్‌కి మార్చి, రెప్లికా పాడ్‌లు ముందు మీరే ఒక్కోటి తీయండి. పాడ్ ఐపీ మారుతాది కాబట్టి క్లస్టర్-అనౌన్స్-ఐపీ సంగతి ముందే చూసుకోండి.

మెమ్‌క్యాష్డ్ వాడేవాళ్ళకి రెప్లికా లేదు, ఫెయిలోవర్ లేదు, ఒక నోడ్ ఆపితే దాని వాటా కీలు పోయినట్టే. క్లయింట్‌లో కన్సిస్టెంట్ హ్యాషింగ్ (ఒక నోడ్ పోతే దాని కీలే మారి, మిగతావి దాదాపు కదలని పద్ధతి) ఆన్ ఉందో చూసుకుని, ఒక్కో నోడ్ రీస్టార్ట్ చేసి, హిట్ రేటు మామూలుకి వచ్చేదాకా ఆగి, తర్వాతదానికి పోండి. 1.5.18 నుంచి మెమరీని టీఎంపీఎఫ్ఎస్ (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) ఫైల్‌లో ఉంచి రీస్టార్ట్ తర్వాత మళ్ళా వాడుకునే సౌకర్యం ఉంది, కానీ వెర్షన్ మార్చేటప్పుడు దాని మీద ఆధారపడొద్దు, ఖాళీ క్యాష్‌తో లేస్తాదనే లెక్కేసుకుని డేటాబేస్ ఆ లోడ్ తట్టుకుంటాదా అని ముందే చూసుకోండి.